పొలిమేరలో కంప: కరోనా కాలంలో మీ ఊరు ఏం చేసింది?

పెన్నా_ఒడ్డు | మార్చి 22, రాత్రి 9:14

ఫోన్‌లో స్టోరేజీ నిండిందని పాత ఫొటోలు తీసేస్తుంటే ఒకటి బయటపడింది. 2020 మార్చి నెలాఖరుది. మా ఊరి ఆర్చి కింద రోడ్డుకి అడ్డంగా తుమ్మకంప, దానికి ఆనించి విరిగిన బండి చక్రం, అట్టముక్క మీద సున్నంతో "మీ ఊరికి మేము రాము, మా ఊరికి మీరు రావొద్దు". పక్కన కర్రలు పట్టుకుని నలుగురు కుర్రాళ్లు, మూతికి తువ్వాళ్లు.

2020లో సరిగ్గా ఇదే రోజు జనతా కర్ఫ్యూ. సాయంత్రం 5 గంటలకు గడపల్లో నిలబడి కంచాలు కొట్టాం. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఆ మర్నాడే మా ఊళ్లో కంప పడింది. రాష్ట్రంలో మొదటి కేసు మా నెల్లూరులోనే, ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థికి. అందుకని మా జిల్లాలో భయం ఓ పిసరు ఎక్కువ.

ఇంట్లో ఫొటో చూపిస్తే నాన్న "ఆ కంప వల్లే ఊరు బతికింది" అన్నాడు. మా ఆవిడ ఒక్కసారి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

మీ ఊళ్లల్లో ఏం చేశారు? నిజంగా పనికొచ్చింది ఏది, ఉత్త హడావుడి ఏది? పార్టీల గోల వద్దు ప్లీజ్.

తాటితోపు | రాత్రి 9:40

మాది సిక్కోలు (శ్రీకాకుళం) తీరం. ఏప్రిల్ చివరి వారం దాకా మా జిల్లాలో ఒక్క కేసు లేదు. పక్కన విజయనగరానికైతే మే మొదటి వారం దాకా లేదు. టీవీలో మ్యాప్ చూపిస్తే మేమిద్దరమే పచ్చగా ఉండేవాళ్లం, చూసి మురిసిపోయాం.

కానీ మా మగాళ్లు సగం మంది గుజరాత్‌లో ఉన్నారు, వెరావల్ రేవులో. ఉత్తరాంధ్ర నుంచి బోట్ల మీద పనికి వెళ్లి అక్కడే చిక్కుకుపోయిన మత్స్యకారులు నాలుగు వేల మందికి పైనే. వేట లేదు, ఇల్లు లేదు, బోటు మీదే వంట, బోటు మీదే పడక. చివరికి బస్సులు పెట్టి తీసుకొచ్చారు. వచ్చినవాళ్లని నేరుగా ఇళ్లకి పంపలేదు, స్కూళ్లలో, హాస్టళ్లలో ఉంచారు.

మా స్కూలు ప్రహరీ గోడ నడుమెత్తు ఉంటుంది. దానికి ఇవతల అమ్మలు, అవతల కొడుకులు. మధ్యలో గోడ మీద క్యారేజీ పెట్టి పది అడుగులు వెనక్కి రావాలి, అప్పుడు అవతలివాళ్లు వచ్చి తీసుకోవాలి. మా పిన్ని పెట్టేది, వెనక్కి మాత్రం వచ్చేది కాదు. రోజూ పోలీసుతో తగువే.

మాజీ_వాలంటీర్ | రాత్రి 10:05

కంప సంగతి మీరు చెప్పారు, నేను కాగితం సంగతి చెప్తా. నాకు 52 ఇళ్లు. మార్చిలో ముందు వచ్చింది విదేశాల నుంచి వచ్చినవాళ్ల లిస్టు. ఏ ఇంట్లో ఎవరు ఏ తేదీన దిగారు, దగ్గు ఉందా, జ్వరం ఉందా, యాప్‌లో ఎక్కించాలి. నా లిస్టులో ఒకే ఒకడు, కువైట్ నుంచి వచ్చినవాడు. వాడు మూడు రోజుల ముందే పెళ్లిచూపులకి వేరే ఊరెళ్లి వచ్చాడట. అది వాడు చెప్పలేదు, వాళ్ల నానమ్మ చెప్పింది.

ఆ సర్వే ఒకసారితో అయిపోలేదు. మళ్లీ, మళ్లీ. మూడోసారికి జనం తలుపు తీయకుండా లోపల్నుంచే "అందరం బాగున్నాం, పో" అని అరిచేవాళ్లు. ఒకటో తారీకు పెన్షన్ పట్టుకెళ్తే మాత్రం తలుపు తీసేవాళ్లు. ఆ నెల వేలిముద్ర వద్దు, ఫొటో తీసుకుని ఇవ్వమన్నారు. ఆ ఫొటో తీసేటప్పుడు ముసలివాళ్ల మొహం చూసేవాడిని. దగ్గుతున్నారా, ఆయాసపడుతున్నారా. నిజం చెప్తున్నా, సర్వేలో దొరకని జ్వరాలు రెండు నాకు పెన్షన్ రోజునే దొరికాయి.

డ్వాక్రా అక్కలు కుట్టిన గుడ్డ మాస్కులు, మనిషికి మూడు లెక్కన, పంచింది కూడా మేమే. వాటితో పిల్లలు ఉడతల్ని పట్టారు, అది వేరే కథ.

లెక్కల_మాస్టారు | రాత్రి 10:31

పెన్నా_ఒడ్డు గారూ, మీ నాన్నగారి మాట కాదనడం నా ఉద్దేశం కాదు. కానీ "కేసు రాలేదు" అంటే "టెస్టు చేయలేదు" అని కూడా కావచ్చు. ఏప్రిల్ 2020లో ఊరికి ఎన్ని టెస్టులు జరిగాయో గుర్తు చేసుకోండి. క్షయకి వాడే ట్రూనాట్ మిషన్లు దీనికి వాడటం, కొరియా నుంచి లక్ష కిట్లు తెప్పించడం అప్పుడే మొదలు.

కాకపోతే మీ నాన్నగారి పక్షాన ఒక లెక్క ఉంది. 2020 మే, జూన్‌లో ఐసీఎంఆర్ దేశమంతటా రక్తనమూనాలు తీసింది. మన వైపు కృష్ణా, నెల్లూరు, విజయనగరం, తెలంగాణలో కామారెడ్డి, జనగామ, నల్గొండ అందులో ఉన్నాయి. దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో అప్పటికి సోకింది 0.73 శాతానికే. అంటే నూటికి ఒకరు కూడా కాదు. 2021 జూన్, జులైలో మళ్లీ చూస్తే 67.6 శాతం మందిలో యాంటీబాడీలు, అందులో కొంత టీకా వల్ల వచ్చినవి. మొదటి కొన్ని నెలలు ఊళ్లు చాలావరకు తప్పించుకున్నాయన్నది నిజమే. అది కంప వల్లా, బస్సులు రైళ్లు ఆగడం వల్లా అన్నదే ప్రశ్న. బస్సే రాని ఊరికి కంప ఎందుకు?

మిర్చియార్డు | రాత్రి 10:58

బస్సు రాకపోయినా మనుషులు నడిచి వస్తారు మాస్టారూ. వెళ్లేవాళ్లూ నడిచే వెళ్లారు.

మాది ఖమ్మం జిల్లా. మార్చి అంటే మిరప కోతలు. ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు కుటుంబాలతో వచ్చి పొలాల్లో గుడిసెలు వేసుకుని ఉంటారు. లాక్‌డౌన్ పడగానే కోతలు ఆగాయి, కూలి ఆగింది. మా ఊరివాళ్లు ఊళ్లోకి రానివ్వలేదు, వాళ్ల ఊరికి పోవడానికి బండి లేదు. అడవి దారి పట్టారు. ములుగు జిల్లాలో మిరప తోటల నుంచి బీజాపూర్ బయల్దేరిన గుంపులో 12 ఏళ్ల పాప ఇంటికి కొద్ది దూరంలో చనిపోయింది. పేపర్లలో వచ్చింది, అందరూ చదివే ఉంటారు. తర్వాత టెస్టు చేస్తే కరోనా లేదు.

మా చేలో ఉన్న రెండు కుటుంబాలకి బోరు దగ్గర బియ్యం పెట్టి వచ్చేవాణ్ని. ఊళ్లో తెలిస్తే తిడతారని చీకటి పడ్డాక.

కొండగాలి | రాత్రి 11:50 (మాకు పగలు)

నేను ఉండేది డెన్వర్‌లో. మీ కంప కథ చదవగానే ఇక్కడి ఒక ఊరు గుర్తొచ్చింది. కొలరాడో కొండల్లో గన్నిసన్ అని ఒక కౌంటీ. కౌంటీ అంటే జిల్లా లాంటిదే. విస్తీర్ణం మన జిల్లా అంత ఉంటుంది, జనం మాత్రం 17 వేల చిల్లర, మన మండలమంత కూడా ఉండరు.

1918లో స్పానిష్ ఫ్లూ వచ్చినప్పుడు వీళ్లు అచ్చం మీ పనే చేశారు. కౌంటీ సరిహద్దుల్లో రోడ్లకి అడ్డాలు కట్టి, లాంతర్లు వేలాడదీశారు. కార్లలో వచ్చేవాళ్లు ఆగకుండా దాటిపోవాలి. రైలు దిగితే పట్టుకెళ్లి క్వారంటైన్‌లో పెట్టడమే. బడులు, సభలు బంద్. దాదాపు నాలుగు నెలలు, 1919 ఫిబ్రవరి దాకా. చుట్టుపక్కల మైనింగ్ ఊళ్లలో శవాలు లేస్తుంటే గన్నిసన్ టౌన్‌కి దాదాపు ఏమీ కాలేదు. తర్వాత ఎప్పుడో పరిశోధకులు ఆ ఫ్లూ నుంచి తప్పించుకున్న ఏడు చోట్లని ఏరితే అందులో ఇదొకటి. అయితే వాళ్లు కూడా కంచె వల్లేనని గట్టిగా చెప్పలేకపోయారు. కొండలు, చలికాలం, పలచని జనం, అదృష్టం, అన్నీ కలిశాయి.

అసలు తమాషా 2020లో. అదే కౌంటీలో స్కీయింగ్ ఊరుంది, క్రెస్టెడ్ బ్యూట్. మార్చిలో టూరిస్టులతో పాటే జబ్బూ వచ్చింది. జనాభా లెక్కన చూస్తే రాష్ట్రంలోనే ఎక్కువ కేసులున్న చోట్లలో ఒకటైంది. 102 ఏళ్ల కిందట తప్పించుకున్న కౌంటీయే ఈసారి ముందు దొరికిపోయింది. దాంతో ఏప్రిల్‌లో ఇక్కడ నివాసం లేనివాళ్లు, సొంతిల్లు ఉన్నా సరే, వెళ్లిపోవాలని ఆర్డరేశారు. ఆ బంగళాల ఓనర్లలో టెక్సస్ వాళ్లు ఎక్కువ. టెక్సస్ అటార్నీ జనరల్ రంగంలోకి దిగి, ఇది రాజ్యాంగానికి విరుద్ధం అని లేఖ రాశాడు.

మన దగ్గర కంపకి అవతల నిలబడ్డది కూలీ. ఇక్కడ రెండో ఇల్లున్న షావుకారు. లేఖ రాసే నాథుడు ఎవరికి ఉన్నాడో చూడండి.

లెక్కల_మాస్టారు | రాత్రి 11:58

చివరి ముక్క బాగా చెప్పారు. పడుకోబోతూ మళ్లీ లేచాను.

ఆర్‌ఎంపీ_గారబ్బాయి | మార్చి 23, ఉదయం 6:20

కంప, సర్వే, అన్నీ 2020 మాటలే చెప్తున్నారు. ఊళ్లని ముంచింది 2021. ఆ ఏప్రిల్, మేలో కంప వేసిన ఊరు ఒక్కటైనా ఉందా? పెళ్లిళ్లు చేసుకుంటున్నాం అప్పుడు. ఆంధ్రలో మే 5 నుంచి కర్ఫ్యూ, మధ్యాహ్నం 12 దాకా సడలింపు. తెలంగాణలో మే 12 నుంచి లాక్‌డౌన్, పొద్దున 10 దాకానే సడలింపు. ఆ నాలుగు గంటల్లో ఊరంతా ఒకే కిరాణా కొట్టు ముందు.

నా పేరు చూస్తే తెలుస్తుంది, మా నాన్న ఊళ్లో ఆర్‌ఎంపీ. సర్టిఫికెట్ మాటెత్తకండి, ఆ మూడు వారాల్లో మా అరుగు మీద రోజుకి అరవై మంది. పీహెచ్‌సీ పదకొండు కిలోమీటర్లు. నాన్న చేసిన మంచి: ఆక్సీమీటర్ కొని అందరికీ పెట్టి చూసేవాడు, 94 కంటే తగ్గితే ఆటో ఎక్కించేవాడు. కూలి చేసిన వేళ్లు గట్టిగా, చల్లగా ఉంటాయి, అంకె రాదు. రెండు చేతులూ రుద్ది రుద్ది మళ్లీ పెట్టేవాడు.

చేసిన చెడ్డ కూడా చెప్పాలి. మొదటి రోజు జ్వరానికే డెక్సామెథాసోన్ ఇచ్చేవాడు. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకి ప్రాణం పోసే మందు అది, మామూలు జ్వరానికి ఇస్తే చేటు. ఆయనకి అది తెలియదు, వాట్సాప్‌లో వచ్చిన చీటీ ప్రకారం ఇచ్చాడు. షుగర్ ఉన్న ఒక పెద్దాయనకి తర్వాత కంటి దగ్గర బ్లాక్ ఫంగస్ వచ్చింది. కన్ను తీసేశారు. నాన్న ఆ ఇంటి వీధిలోంచి ఇప్పటికీ వెళ్లడు.

తండా_పిలగాడు | ఉదయం 7:02

అన్నా, నిజం చెప్పినందుకు దండం. మాది నల్గొండ దిక్కు. మా జిల్లాలోనే ఒక పిలగాడు పాజిటివ్ వస్తే ఇంట్లో వేరే గది లేక చెట్టు మీద కర్రలు కట్టుకుని 11 రోజులు అక్కడే ఉన్నాడు. టీవీల వాళ్లు వింతగా చూపించారు. మాకు అదేం వింత అనిపించలేదు. తండాలో ఒక గది ఇంట్లో అయిదుగురం పడుకుంటం, "హోం ఐసోలేషన్" అంటే ఏ మూలకి పోవాలె?

మేలో జ్వర సర్వే పెట్టినప్పుడు మాత్రం ఆశా అక్క ప్రతి ఇంటికి తిరిగింది. టెస్టు రిజల్ట్ కోసం ఆగకుండా, జ్వరం ఉందంటే చాలు, మాత్రల కిట్టు చేతిలో పెట్టింది. నా మట్టుకు అదే పనికొచ్చిన పని.

కర్రపెత్తనం | ఉదయం 7:30

ఒకాయన పారాసిటమాల్ అన్నాడు, ఇంకొకాయన బ్లీచింగ్ అన్నాడు, ఇద్దరి వల్లే

[మిగతా భాగం మోడరేటర్ తొలగించారు. పార్టీల గోల వద్దు ప్లీజ్ అని మొదటి పోస్టులోనే అడిగారు కదా. ఇంకో దారం (థ్రెడ్) తెరుచుకోండి.]

నర్సమ్మ_30ఏళ్లు | ఉదయం 9:45

ఎవరైనా మా మాట ఎత్తుతారేమోనని రాత్రి నుంచి చూస్తున్నా. తండా పిలగాడు ఎత్తాడు, సంతోషం నాయనా. నేను ఏఎన్ఎంగా చేసి గత ఏడాది రిటైరయ్యాను. సబ్‌సెంటర్ కింద ఐదు వేల జనం ఉండాలంటారు, నాకు ఏడు వేల పైచిలుకు. ఆశాలు ఏడుగురు.

మీరంతా సర్వే అంటున్నారే, అది యాప్‌లో లేదు, నోటుబుక్‌లో ఉంది. సిగ్నల్ లేక యాప్ గుండ్రంగా తిరుగుతుంటే మా ఆశా ఒకామె వంద పేజీల పుస్తకానికి గీతలు కొట్టింది. ఇంటి యజమాని, ఎంతమంది, షుగర్, బీపీ, గర్భిణి, జ్వరం, దగ్గు, ఆయాసం. ఆయాసం గడిలో టిక్కుకి బదులు చిన్న చుక్క పెట్టేది, ఎందుకంటే మనుషులు "లేదు" అని చెప్తూనే రొప్పుతుండేవాళ్లు. చుక్క పెట్టిన ఇంటికి సాయంత్రం మళ్లీ వెళ్లేది. ఎవరూ చెప్పలేదు ఆమెకి అలా చేయమని. చదివింది ఎనిమిదో తరగతి.

టీకాల సంగతి. మొదట్లో మా వాళ్లే భయపడ్డారు, ఊరి సంగతి చెప్పేదేముంది. వేయించుకుంటే పిల్లలు పుట్టరన్నారు, రెండేళ్లలో పోతారన్నారు. కోవిషీల్డ్ సీసాకి పది డోసులు, మూత తీస్తే నాలుగు గంటల్లో అయిపోవాలి. తొమ్మిది మంది వచ్చి కూర్చుంటే పదోవాడి కోసం ఆశా వీధిలో పరిగెత్తేది. ఒకరోజు పదోవాడు దొరక్క, రోడ్డు మీద వెళ్తున్న గ్యాస్ సిలిండర్ల కుర్రాణ్ని ఆధార్ ఉందా అని ఆపింది.

మేలో అంతా తలకిందులు. జనం ఎగబడ్డారు, మందు లేదు. 13న రెండో డోసు గడువు 84 రోజులకి పెంచారు, అప్పటికే వచ్చి లైన్లో నిలబడ్డవాళ్లకి ఆ మాట చెప్పేది ఎవరు? నేనే. తిట్లు నాకే. జూన్ 20న రాష్ట్రమంతా ఒక్క రోజులో 13 లక్షలకు పైగా వేశామని టీవీలో చెప్పారు. ఆ 13 లక్షల్లో నా చేతి మీదవి 410. రాత్రి ఇంటికొచ్చి అన్నం కలపబోతే బొటనవేలు మడవలేకపోయా, మా మనవరాలు తినిపించింది.

మిర్చియార్డు | ఉదయం 10:10

అమ్మా, మీకు పాదాభివందనం. మా దగ్గరైతే హైదరాబాద్ వాళ్లు ఆన్‌లైన్‌లో స్లాట్ కొట్టేసి కార్లలో వచ్చి మా పీహెచ్‌సీలో వేయించుకుని వెళ్లారు. మా ముసలాళ్లకి ఓటీపీ అంటే ఏమిటో తెలిసేలోపు సీసాలు ఖాళీ.

తాటితోపు | ఉదయం 10:26

నెల్లూరు అన్నగారు ఊళ్లో ఉండి ఆనందయ్య మందు ఊసెత్తలేదేం?

పెన్నా_ఒడ్డు | ఉదయం 11:15

ఎత్తితే దారం దారి తప్పుతుందని. కృష్ణపట్నం మాకు దగ్గరే. 2021 మే 21న అక్కడికి వచ్చిన జనాన్ని చూస్తే కరోనాకి మందు దొరకడం సంగతేమో గానీ జనానికి కరోనా దొరకడం ఖాయం అనిపించింది. తర్వాత ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇచ్చింది, హాని లేదన్నారు, నయమవుతుందని రుజువైతే లేదు. నాన్న తెప్పించుకుని తిన్నాడు. "చెడు చేయదు కదా" అంటాడు. ఆసుపత్రిలో బెడ్డు దొరకని వారంలో మనిషి దేన్నైనా పట్టుకుంటాడు, నవ్వడానికి నాకు నోరు రాదు.

రాత్రి రాయకుండా ఆపుకున్నది ఒకటుంది. మిర్చియార్డు గారి పోస్టు చదివాక నిద్ర పట్టలేదు.

ఫొటోలో కర్ర పట్టుకున్న నలుగురిలో ఎడమ చివర ఉన్నది నేనే. ఏప్రిల్ మొదటి వారం, రాత్రి కాపలా మా బ్యాచ్‌ది. పదకొండు దాటాక ఒకడు సంచి భుజాన వేసుకుని నడుచుకుంటూ వచ్చాడు. మా బావమరిది. హైదరాబాద్‌లో హాస్టల్ మూసేస్తే లారీలు పట్టుకుని, కొంత నడిచి నాలుగు రోజులకి చేరాడు. కంపకి అవతల నిలబడి "బావా" అన్నాడు. నేను కంప తీయలేదు. పక్కన ముగ్గురున్నారు, పొద్దున పెద్దమనుషుల్లో నేనే "ఎవరైనా సరే" అని గట్టిగా మాట్లాడినవాణ్ని.

పొలంలో మోటారు షెడ్డుకి పంపాం. పద్నాలుగు రోజులు. పాముల కాలం. అమ్మ అన్నం పంపేది, గట్టు మీద పెట్టి వచ్చేవాళ్లం. వాడికి ఏమీ కాలేదు, కరోనా కూడా లేదు. కానీ ఆ రోజు నుంచి వాడు మా ఇంటి గడప తొక్కలేదు, మా ఆవిడ కంప పేరెత్తితే లేచి వెళ్లిపోతుంది.

అదే కంప మే 4న మద్యం షాపులు తెరిచిన రోజు పొద్దున్నే రోడ్డు పక్కన పడి ఉంది. రేటు పాతిక శాతం పెంచినా ఎవరూ వెనక్కి తగ్గలేదు. కంప ఎవరు తీశారో ఇప్పటికీ ఊళ్లో ఎవరూ చెప్పరు.

నర్సమ్మ_30ఏళ్లు | ఉదయం 11:32

బాబూ, ఒక్క మాట అడుగుతా. ఆ షెడ్డు దగ్గరికి మీ ఊరి ఆశా వెళ్లిందా?

పెన్నా_ఒడ్డు | ఉదయం 11:50

వెళ్లింది. రోజు విడిచి రోజు. మొదటిరోజే దోమతెర, టార్చిలైటు ఇచ్చి వచ్చిందని వాడు తర్వాత వాళ్ల అక్కకి చెప్పాడట. మేము అన్నం గట్టు మీద పెట్టి వస్తుంటే ఆమె మాస్కు కట్టుకుని షెడ్డు గుమ్మం దాకా వెళ్లి మాట్లాడేదట.

నర్సమ్మ_30ఏళ్లు | ఉదయం 11:54

అయితే నోటుబుక్కులో వాడి పేరు కూడా ఉండి ఉంటుంది. మీ ఇంటి నంబరు కిందే రాసి ఉంటుంది చూడండి, మోటారు షెడ్డుకి నంబరు ఉండదు కదా.

ఆర్‌ఎంపీ_గారబ్బాయి | మధ్యాహ్నం 12:20

అన్నా, బావమరిదికి ఫోన్ చేశారా ఎప్పుడైనా?

పెన్నా_ఒడ్డు | మధ్యాహ్నం 1:05

పండగలకి మెసేజ్ పెడతా. బొమ్మ పంపిస్తాడు, దండం పెట్టే చేతులది. ఫొటో ఇందాక మా ఆవిడకి చూపించి తీసేయనా అని అడిగాను. ఉంచమంది.